గోటి చప్పుడు

కొత్త స్పార్కు ప్లగ్గులు వేసి ఇరవై నాలుగ్గంటలు కాలేదు. మంగళవారం పొద్దున పుట్టపర్తి దారిలో తొలి ఎక్కుడు సగం కాకముందే మీరావలి వ్యాను తడబడింది. ఒక కుదుపు, కాస్త తెరిపి, మళ్ళీ వరసగా రెండు కుదుపులు. మూడు సిలిండర్లలో ఒకటి పని మానేసి భారమంతా మిగతా రెండింటి మీద వేసిందని పక్కసీట్లో ఉన్న మస్తానాబీకి కూడా తెలిసిపోయింది. ముప్పై రెండేళ్ళు మెకానిక్కుతో కాపురం చేసిన మనిషికి ఆ మాత్రం తెలియకుండా ఎట్లా పోతుంది!

“ఏమయ్యా, మిస్సింగ్ కొడతాండాది గదా.”

“ఏమి?”

“మిస్సింగ్ అంటాండా!”

“తెలుస్తాండాది లే. గమ్మునుండు.”

వెనకసీట్లో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న కుళ్ళాయప్ప కిటికీలోంచి తల బయటపెట్టి పొగ చూశాడు. “నల్లగా వస్తాండాది మీరావలీ. నిన్ననే గదా ప్లగ్గులు మార్చింది?” అన్నాడు.

మీరావలి రెండో గేరుకు దిగాడు, ఒకటో గేరుకు దిగాడు. మనిషి నడిచేదానికన్నా నిదానంగా వ్యాను పైకి పాకింది. ఎక్కుడు దాటి చదును రాగానే ఏమీ ఎరగనట్టు నున్నగా పరిగెత్తింది. ఇంకో ఎక్కుడు రాగానే మళ్ళీ అదే వరస. రెండుచోట్ల ఆపి, అందరినీ దించి, ఇంజిన్ మీద ఉండే ముందుసీటు ఎత్తి, వైర్లు పీకి తగిలించి చూశాడు. ఆస్పత్రి చేరేసరికి పన్నెండున్నర అయింది.

మస్తానాబీకీ కుళ్ళాయప్పకీ కిడ్నీలు చెడిపోయి రెండేళ్ళు దాటింది. మంగళవారం, శుక్రవారం, పదకొండు నుంచి మూడు దాకా డయాలసిస్ చేయించుకుంటేనే బతుకు. మూడింటికి ఆ మంచాల మీదికి ఇంకొకరు వస్తారు. ఆలస్యంగా పోతే పోయినంతసేపు పోయినట్టే. బస్సులో పోరాదా అని సలహా ఇచ్చే పెద్దమనుషులకు గోరంట్లలో కొదవలేదు. ఆర్నెల్లు బస్సులోనే పోయింది మస్తానాబీ. ఒకరోజు తిరిగి వస్తూ బస్టాండులో కళ్ళు తిరిగి పడింది. సూది గుచ్చిన చేతినుంచి రక్తం కారుతుంటే బట్టతో అదిమిపట్టే దిక్కు కూడా లేకపోయింది. ఆ వారంలోనే మీరావలి మూలనపడ్డ ఈ పాత వ్యాను కొని, నట్టు నట్టూ విప్పి బాగుచేసుకున్నాడు. ఒంటరివాడైన కుళ్ళాయప్పను ఊరికే ఎక్కించుకుంటాడు.

మూడింటికి మిషను ఆపేసి ఎలిజబెత్ సిస్టర్ బయటికొచ్చింది. “రెండున్నర గంటలే అయింది అన్నా. రెండు కిలోల నీళ్ళు ఆయమ్మ ఒంట్లోనే ఉండిపోయినాయి. శుక్రవారం మాత్రం టయానికి తీసుకొని రా. ఇంగొక్కసారి ఇట్లయితే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నేను భయపెట్టేదానికి చెప్పడంలే.”

మీరావలి తలూపాడు. ఇంటికొచ్చాక మస్తానాబీ చెప్పులు విప్పితే పట్టీల గుర్తులు పాదాల మీద గుంటలుగా నిలిచిపోయాయి. పడుకునేదాకా ఆ గుంటలు పూడలేదు.

బుధవారం తెల్లవారినప్పటినుంచీ మీరావలి తన షెడ్డులో వేరే పని ముట్టుకోలేదు. కార్బురేటరు విప్పి జెట్లు ఊదాడు. పెట్రోలు ఫిల్టరు మార్చాడు. ఇంజిన్ తిరుగుతుండగానే ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి చూశాడు. ఏది పీకినా ఇంజిన్ ఒకేలా కుంటింది, అంటే మూడూ పని చేస్తున్నట్టే. ప్లగ్గులు విప్పి, వైర్లు తగిలించి, ఇంజిన్ ఇనుము మీద పడుకోబెట్టాడు.

“తాళం తిప్పు!” అని అరిచాడు.

“పక్కనే ఉండా గదయ్యా, అంత గట్టిగా ఏంటికి?” అంటూనే మస్తానాబీ తాళం తిప్పింది.

మూడు ప్లగ్గుల కొసల్లోనూ నీలంగా, లావుగా నిప్పు దూకింది. వంక పెట్టడానికి లేదు. మళ్ళీ బిగించి, స్క్రూడ్రైవరు కొస ఇంజిన్‌కు ఆనించి పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. గోరంట్ల చుట్టుపక్కల మీరావలి పేరు చెప్తే జనం ముందు తలచుకునేది ఆ చెవినే. వాల్వు వదులైనా, బేరింగు అరిగినా ఆ చెవికి దొరక్కుండా పోయింది లేదు. అట్లాంటిది ఆ పొద్దు ఎంతసేపు పెట్టినా ఏమీ దొరకలేదు. వెనక నాలుగు బండలు వేసుకుని ఎక్కుడు దాకా పోయొచ్చాడు. చదునులో మహారాణి లాగా పోయిన బండి ఎక్కుడు మీద మళ్ళీ చతికిలబడింది.

అన్నీ చూసినాక మిగిలింది ఒకటే. పాత ప్లగ్గులతో పెట్రోలు ఎక్కువ తాగుతుందనేగానీ బండి ఏనాడూ మొరాయించలేదు. కొత్తవి వేసిన మర్నాడే మొదలైంది. సరుకులోనే దగా ఉంది! ప్లగ్గులు విప్పి జేబులో వేసుకుని రామలింగయ్య అంగడికి పోయాడు.

రామలింగయ్య శెట్టిది బస్టాండు పక్కన స్పేర్‌పార్టుల అంగడి. ఏడాదిగా గల్లాపెట్టె దగ్గర ఆయన కూతురు లావణ్య కూర్చుంటోంది. పాలిటెక్నిక్కులో మెకానికల్ చదివిన పిల్ల. ఆడపిల్లను నట్లూ బోల్టుల మధ్య కూర్చోబెట్టాడని శెట్టిని బంధువులు ఆడిపోసుకుంటున్నా, ఆ పిల్ల వచ్చాక అడిగిన వస్తువు అర నిమిషంలో చేతికొస్తోందని అందరికీ తెలుసు. మీరావలి పోయేసరికి నలుగురైదుగురు ఉన్నారు. ఆటో నరేంద్ర కూడా వాళ్ళలో ఉన్నాడు.

మీరావలి ప్లగ్గులు మూడూ బల్ల మీద పడేశాడు. “ఏం పాపా, ఎప్పటినుంచి డూప్లికేట్ సరుకు అమ్ముతాండారు?”

లావణ్య బిత్తరపోయింది. “డూప్లికేటా? సీలు నీ ముందరే చింపి ఇస్తి గదా మామా.”

“సీలుంటే అసలైపోతాదా? బండి ఎక్కుడు ఎక్కల్యా. నా పెండ్లాము సగం నీళ్ళు ఒంట్లో పెట్టుకొని ఇంటికొచ్చింది. ఆమెకేమన్నా అయితే నువ్వు జవాబు చెప్తావా?”

ఆ మాటకు ఆ పిల్ల ముఖం పాలిపోయింది. అయినా చెయ్యి చాచింది. “ఒగసారి చూడనీ మామా. ప్లగ్గు మింది తెల్ల పింగాణి తావ దెబ్బ తగిలిందేమో. సోమవారం నువ్వు స్క్రూడ్రైవరు తీసుకొని ఈ బల్ల మిందనే టకటక కొడతాంటే వద్దని చెప్తి. ఇప్పుడొచ్చే పింగాణి పలచన.”

“నీ కాలేజీ చదువు నాకు చెప్తావా? నువ్వు పుట్టకముందు నుంచి ప్లగ్గులు కొట్టి చూస్తాండా. చెవితో ఇంజిన్ రోగం చెప్పేవోడ్ని! సరుకు తప్పుడుదిచ్చి, తప్పు నా చేతి మిందికి తోస్తావా?”

“వలీమామ చెప్పినాడంటే ఇంగ తిరుగు లేదు” అన్నాడు నరేంద్ర, లోపలికి వినపడేలా. “శెట్టీ, మొన్న నాకిచ్చిన బ్రేకు షూలు గూడా ఇట్లాంటివేనా ఏంది? వద్దులేప్పా, వాపస్ తీసుకో.” ఇంకొకడు చేతిలో ఉన్న క్లచ్ వైరు బల్ల మీద పెట్టి మెల్లగా జారుకున్నాడు.

లోపలినుంచి రామలింగయ్య గబగబా వచ్చాడు. నలుగురి ముఖాలూ చూశాడు. బల్ల మీద ప్లగ్గులను ఒక్క ఊపున అట్టపెట్టెలోకి ఊడ్చేశాడు.

“నువ్వు లోపలికి పో” అన్నాడు కూతురితో.

“నాయనా, ఒగ నిముషం, ఆ పింగాణి...”

“పో అంటి గదా!”

లావణ్య చేతిలోని పెన్నుకు మూతపెట్టి బల్ల మీద ఉంచింది. ఎవరివైపూ చూడకుండా లోపలికి పోయింది. రామలింగయ్య అదే కంపెనీ ప్లగ్గులు ఇంకో సెట్టు తీసి రెండు చేతులతో ఇచ్చాడు. “ఆడపిల్ల, తెలీక మాట్లాడింది, మనసులో పెట్టుకోవద్దు వలన్నా” అన్నాడు. ఆమె తెలిసే మాట్లాడిందని మీరావలికి లోపలెక్కడో కాస్త కలుక్కుమంది. మస్తానాబీ పాదాల మీది గుంటలు గుర్తొచ్చి ఆ కలుక్కుమన్నదాన్ని అక్కడే నొక్కేశాడు.

గురువారం పొద్దున కొత్త సెట్టు బిగించాడు. ముందు చేత్తో తిప్పి మరలో కుదురుగా కూర్చోబెట్టి, తర్వాత పానా వేశాడు. చివరగా ఉస్తాదు నేర్పిన పని మిగిలింది. కుండ కొనేవాళ్ళు వేలితో కొట్టి చూసినట్టు, ప్లగ్గు తెల్ల పింగాణిని స్క్రూడ్రైవరు పిడితో కొట్టి వినాలి. కణకణమంటే మంచి ప్లగ్గు, మొద్దుగా పలికితే పగిలిన ప్లగ్గు. హిందూపురంలో ఉస్తాదు దగ్గర పదహారో ఏట నేర్చుకున్నాడు. కొట్టి వినకుండా ఇప్పటిదాకా ఒక్క ప్లగ్గుకూ వైరు తగిలించలేదు.

ఒక దెబ్బ కొట్టి చెవి వంచాడు. ఏమీ పలకలేదు. కాస్త గట్టిగా కొట్టాడు. ఊఁహూఁ. పిడి వదిలేసి ఇనుము వైపు తిప్పి ఇంకా గట్టిగా కొట్టాడు. నాలుగో దెబ్బకు కణ్ మంది. హమ్మయ్య అనుకుని రెండోదాని దగ్గరికి పోయాడు.

“ఏమయ్యా, ఫోన్ మోగుతాండాది” అంది గడపలో కూర్చున్న మస్తానాబీ. కాళ్ళు కిందికి వేలాడదీస్తే నొప్పని పీట మీద పెట్టుకుంది. “ఏమయ్యా!”

మూడు ప్లగ్గులూ పలికాక మీరావలి తలెత్తాడు. ఫోన్లో శెట్టి అంగడి నుంచి రెండు కాల్స్ వచ్చి ఉన్నాయి. ఇంకా ఏం సంజాయిషీ చెప్పుకుంటారులే అని ఫోను జేబులో పడేశాడు. బండి తీసి బస్టాండు దాకా పోయొచ్చాడు. నున్నగా పోయింది.

“ఎక్కుడు దాకా పోయి చూసిరాకూడదా?” అంది మస్తానాబీ.

“చూసేదేముండాది? ఇవి అసలు సరుకు. ఇంజిన్ గొంతే చెప్తాండాది” అన్నాడు.

ఆ రోజుకు ఆస్పత్రివాళ్ళు కొలిచి చెప్పిన ఆమె వంతు మూడు టీగ్లాసుల నీళ్ళే. మధ్యాహ్నానికే రెండు అయిపోయాయి. మూడోది మంచం కింద పెట్టుకుని, నాలుక తడిపి, మళ్ళీ మూత పెట్టింది. అంతకంతకూ ఆయాసం ఎక్కువైంది. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునే తెల్లవార్చింది.

శుక్రవారం ఎనిమిదికే బయల్దేరారు. కుళ్ళాయప్ప ముఖం కూడా ఉబ్బి ఉంది. తొలి ఎక్కుడు మొదట్లో మీరావలి యాక్సిలరేటరు మెల్లగా తొక్కాడు. వ్యాను నాలుగు గజాలు బాగానే పోయింది. తర్వాత ఒక కుదుపు.

“యా అల్లా” అన్నాడు మీరావలి.

ఇంకో కుదుపు, ఇంకోటి, ఆపైన పెద్దగా దగ్గి ఇంజిన్ ఆగిపోయింది. వ్యాను వెనక్కి జారుతుంటే చేతి బ్రేకు లాగాడు. మళ్ళీ స్టార్టు చేసి నాలుగుసార్లు ప్రయత్నించాడు. నాలుగుసార్లూ అదే చోట పడిపోయింది. దిగి ఒక రాయి తెచ్చి చక్రం కింద పెట్టాడు.

ముందుసీటు ఎత్తాలంటే మస్తానాబీ దిగాలి. చెయ్యి పట్టి దించి మోరీ గట్టు మీద కూర్చోబెట్టాడు. చెట్టన్నది లేదు. బీడు పడ్డ చేన్లూ, ఎర్రమట్టీ, ఆ మట్టిలోంచి తేలిన రాళ్ళూ. కుళ్ళాయప్ప తన తువ్వాలు ఆమె తల మీద కప్పాడు. ఆమె ప్రతి ఊపిరికీ భుజాలు పైకి లేస్తున్నాయి. దారినపోయే కారుకు అడ్డంగా నిలబడి మీరావలి రెండు చేతులూ ఎత్తాడు. కారు పక్కకు తప్పుకుని పోయింది. అంబులెన్సుకు ఫోన్ చేశాడు. అవతలి మనిషి ఏదో చెప్తుంటే సగం అర్థంకాక ఫోను కుళ్ళాయప్పకిచ్చాడు. “ఇప్పుడు బండి లేదంట, గంటన్నర పడతాదంట” అన్నాడు కుళ్ళాయప్ప.

మీరావలి గబగబా ప్లగ్గులు విప్పాడు. ఇంజిన్ మీద పడుకోబెట్టి కుళ్ళాయప్పను తాళం తిప్పమన్నాడు. మళ్ళీ ఆ నీలం నిప్పు! దిట్టంగా, ఎగతాళి చేస్తున్నట్టు. “ఏం తక్కువైందే నీకు? నిప్పుండాది, పెట్రోలుండాది, గాలుండాది, ఏం తక్కువైందే!” అని వ్యానును కాలితో తన్నాడు. ముప్పై ఏళ్ళకు పైగా ఊరందరి బండ్లూ బాగుచేసినవాడు తన పెండ్లాన్ని ముప్పై కిలోమీటర్లు తీసుకుపోలేక నడిరోడ్డు మీద నిలబడ్డాడు.

చేతులకు అంటిన గ్రీజు మీద సీసాలోని నీళ్ళు ఒంపుకున్నాడు. ఆ నీళ్ళు మట్టిలో ఇంకుతుంటే మస్తానాబీ కళ్ళప్పగించి చూసింది. అది గమనించి సీసా ఆమెకు కనబడకుండా వ్యాను అవతల పెట్టాడు.

డ్యాష్‌బోర్డు కింద డబ్బాలో సోమవారం తీసేసిన పాత ప్లగ్గులున్నాయి. ఏ వస్తువునూ వెంటనే పారేసే అలవాటు లేదు. కొసలు అరిగిపోయాయి. అయినా వేరే దారి లేదు. విప్పిన కొత్తవి గుడ్డలో చుట్టి మస్తానాబీ ఒళ్ళో పెట్టాడు. పని జరుగుతున్నంతసేపూ విడిభాగాలు ఒళ్ళో పెట్టుకుని కాపలా కాయడం ఎప్పుడూ ఆమె వంతే.

వేడి తగ్గాక ఆమె ఒకదాన్ని తీసి కొంగుతో తుడిచింది. చేతికి ఏదో పని ఉంటే ఆయాసం మీదికి ధ్యాస పోదు. తుడిచి, వేలితో రుద్ది, గోటితో గీరింది.

“ఏమయ్యా... ఈడ వెంట్రుక అంటుకొనుండాది. గీరినా పోదే.”

మీరావలికి వినపడలేదు. కుళ్ళాయప్ప భుజం తట్టి చూపించాడు.

మీరావలి కళ్ళద్దాలు ముక్కు మీదికి జరుపుకుని ప్లగ్గును ఎండకు పెట్టాడు. తెల్ల పింగాణి మీద పైనుంచి కిందిదాకా సన్నటి నల్ల గీత. వెంట్రుక కాదు, బీట. రెండోదానికీ అదే చోట, అదే గీత. మూడోది బాగుంది. బయట గాలిలో నిప్పు సులభంగా కొసకు దూకుతుంది. ఎక్కుడు మీద, సిలిండరులో ఒత్తిడి పెరిగినప్పుడు, లోపలికి దూకలేక ఆ బీటలోంచి పక్కకు పారిపోతోంది. అందుకే షెడ్డులో దొరకలేదు. బీట ఎట్లా వచ్చిందో ఎవరూ చెప్పనక్కర్లేదు. సరిగ్గా తను కొట్టే చోటే ఉంది.

పాత ప్లగ్గులు బిగించాడు. బిగించాక అలవాటుగా చెయ్యి స్క్రూడ్రైవరును తిరగేసింది. మస్తానాబీ ఎప్పుడు లేచి వచ్చిందో, అతని మణికట్టు పట్టుకుంది.

“వద్దు. నీకు వినపడక గట్టిగా కొడతాండావు. ఏడాది నుంచి చూస్తాండా.”

“చూస్తా ఏంటికి చెప్పలేదే?”

“యాడ చెప్పేది? ఊర్లో అందరూ నీ చెవి కోసమే వస్తాండారు. అది పాయెనని నా నోటితో చెప్పాల్నా?” అని, ఊపిరందక ఆగింది. “నేనూ తప్పే చేసినాలే. పద.”

అరిగిపోయిన పాత ప్లగ్గులతో వ్యాను ఎక్కుడు ఎక్కింది. ఒక్క కుదుపు లేదు. పదకొండు కావడానికి పది నిమిషాలుండగా ఆస్పత్రి గేటు దాటింది. చక్రాల కుర్చీ తోసుకుపోతూ ఎలిజబెత్ సిస్టర్ “వచ్చినారు గదా, నాలుగు గంటలూ పెడతాంలే” అంది. అద్దాల తలుపు అవతల మిషను తిరగడం మొదలైంది. దాని మోత మీరావలికి వినపడలేదు, ఎర్రటి గొట్టం కదలడం మాత్రం కనపడింది. జేబులో రెండు ప్లగ్గులు తొడకు గుచ్చుకుంటున్నాయి. మస్తానాబీ ఊపిరి నిదానించేదాకా అక్కడే నిలబడ్డాడు.

శనివారం పొద్దున అంగడి దగ్గర జనం పలచగా ఉన్నారు. గల్లాపెట్టె ముందర స్టూలు మీద రామలింగయ్య కూర్చుని, ఎవడో అడిగిన ఆయిల్ సీలు కోసం పెట్టెలన్నీ తిరగేస్తున్నాడు. నరేంద్ర ఆటో తాళం వేలికి తిప్పుకుంటూ ఎదురొచ్చాడు.

“నీ తావికే వస్తాంటి మామా. ఆటోలో ఏందో శబ్దం వస్తాండాది. జర చెవి పెట్టి చెప్పు” అని తాళం ఇవ్వబోయాడు.

మీరావలి తాళం అందుకోలేదు. “శెట్టీ, పాపను పిలువు” అన్నాడు.

“ఏంటికి వలన్నా? అయిపోయింది గదా...”

“పిలువప్పా!”

లావణ్య వచ్చి వాకిలి దగ్గరే నిలబడింది. మీరావలి రెండు ప్లగ్గులూ బల్ల మీద పెట్టాడు, ఈసారి పడేయలేదు. “సరుకు మంచిదే. పగలగొట్టింది నేను. ముందరిదీ, ఇదీ, రెండు సెట్లూ నేనే పగలగొట్టినా. అందరూ వినుకోండి. నోటికొచ్చినట్ల మాట్లాడితి. తప్పు నాది పాపా.”

లావణ్య బల్ల కింది అట్టపెట్టెలోంచి బుధవారం నాటి ప్లగ్గు తీసింది. పింగాణి మీద బీట పక్కన పెన్నుతో చిన్న సున్న చుట్టి ఉంది.

“నాకు ఆ పొద్దే తెలిసింది మామా. గురువారం రెండుసార్లు ఫోన్ చేసినా, నువ్వు ఎత్తలేదు. అత్తకెట్లుండాది?”

“బాగుండాది” అన్నాడు. ఆమె పెదాల కదలిక చూసి అన్నాడు.

లావణ్య కొత్త పెట్టె సీలు చింపి ఒక ప్లగ్గు తీసింది. రెండు వేళ్ళతో పట్టుకుని, అతని చెవి దగ్గరికి తెచ్చి, పింగాణిని గోటితో మెల్లగా కొట్టింది. వాకిట్లో ఉన్న నరేంద్ర కూడా ఆ చప్పుడుకు తల తిప్పాడు.

“ఇంతే కొట్టాల మామా. వినపడిందా?”

వెక్కిరింపేమీ లేదు ఆ గొంతులో. మీరావలి ఆ గోటినే చూస్తున్నాడు. అవునంటే అయిపోయేది. రామలింగయ్యా, నరేంద్రా, ఆయిల్ సీలు కోసం వచ్చినవాడూ అతని ముఖంలోకే చూస్తున్నారు.

“లేదు పాపా” అన్నాడు, అందరికీ తెలిసేలా. “వినపళ్ళేదు.”

రామలింగయ్య స్టూలు మీదినుంచి లేచి కూతురికి చోటిచ్చాడు. నరేంద్ర ఆటో తాళం జేబులో వేసుకున్నాడు.